బస్తా ఎత్తే బలం ఎక్కడిది?

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద, గుంటూరు దాటిన కొద్దిసేపటికే పెదకాకాని వస్తుంది. మల్లేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. అటు గుంటూరు, ఇటు ప్రకాశం జిల్లాలలో సంక్రాంతి వెళ్లేసరికి పొలాల నిండా మనుషులే. ఒకచోట పత్తి తీస్తుంటారు. ఇంకొకచోట మిరపకాయలు కోస్తుంటారు.

పత్తి తీసేవారి వేళ్లను ఎప్పుడైనా గమనించారా? విచ్చిన కాయలోంచి దూదిని ఎంత సుతారంగా లాగుతారో! ఎండిన ఆకు ముక్క దూదికి అంటకూడదు. డొప్ప ముల్లు వేలికి గుచ్చుకోకూడదు. ఆ పనికి కావలసిన బలం బహు స్వల్పం. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూస్తే మరొక దృశ్యం. అక్కడ హమాలీలు నలభై కిలోల పైచిలుకు తూగే మిరపకాయల టిక్కీలను ఒకదాని వెంట ఒకటి వీపున వేసుకుని మోస్తుంటారు.

దూదిపింజను తీసే బలమూ, టిక్కీని ఎత్తే బలమూ వేరువేరు యంత్రాల నుంచి వస్తున్నాయా? కాదు. రెండింటికీ మూలం కండరమే. ఆ కండరం లోపల జరిగే పనీ ఒక్కటే. ఆ పనికి కావలసిన ఇంధనం ఏమిటో తెలుసుకోవడంలో మన భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రజ్ఞుడికి పెద్ద పాత్ర ఉంది. ఆ కథ కూడా చెప్పుకుందాం.

లాగడమే తెలుసు, నెట్టడం తెలియదు

మన శరీరంలో ఆరువందలకు పైగా కండరాలు ఉన్నాయి. నడిచేవి, నమిలేవి, కనుగుడ్డును తిప్పేవి, శ్వాస పీల్చేవి, ఇలా ఎన్నో. ఎముకలకు అతుక్కుని మన ఇష్టప్రకారం కదిలే కండరాల గురించే ఇప్పుడు మాట్లాడుకుందాం.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కండరానికి లాగడం ఒక్కటే తెలుసు. నెట్టడం దానికి చేతకాదు. మరి మనం తలుపును నెడుతున్నాం కదా, బండిని తోస్తున్నాం కదా అంటారేమో! అప్పుడు కూడా లోపల కండరాలు లాగుతూనే ఉంటాయి.

మీ కుడి మోచేతిని మడవండి. దండచేతి ముందు భాగంలో ఒక ఉబ్బు కనబడుతుంది. అది ద్విశిరస్క కండరం. అది పొట్టిదై ముంజేతి ఎముకను పైకి లాగింది. ఇప్పుడు చేతిని చాచి బల్లను కిందికి నొక్కండి. ఈసారి దండచేతి వెనుక భాగం గట్టిపడుతుంది. అది త్రిశిరస్క కండరం. అది మోచేతి కొనను వెనుకనుంచి లాగినందువల్లనే ముంజేయి ముందుకు చాచుకుంది. ఒకటి లాగేటప్పుడు రెండోది వదులవుతుంది. కవ్వానికి చుట్టిన తాడును రెండు కొసలా పట్టుకుని మజ్జిగ చిలుకుతారు చూడండి, అలాగన్నమాట. కుడి చేయి లాగితే ఎడమ చేయి వదలాలి. రెండూ ఒకేసారి బిగించి లాగితే కవ్వం ఎటూ తిరగదు.

కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాళ్లను స్నాయుబంధనాలు అంటారు. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి చేతి వేళ్లను ఆడించండి. ముంజేతిలో కండ కదులుతున్నట్టు తెలుస్తుంది. వేళ్లను మడిచే ముఖ్యమైన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి పొడవైన స్నాయుబంధనాలు మణికట్టు మీదుగా వేళ్లదాకా వెళ్తాయి. ఆ లావు కండలన్నీ వేళ్లలోనే ఉంటే, మన వేళ్లు పత్తికాయలోకి దూరేవే కావు!

పత్తి పోగు, కండర పోగు

చేంతాడు ఎలా తయారవుతుందో మీకు తెలుసు. సన్నని పోగులు కలిసి పురి అవుతాయి. పురులు కలిసి తాడు అవుతుంది. కండరం కూడా అలాగే కట్టలు కట్టలుగా ఉంటుంది. ఒక కండరాన్ని అడ్డంగా కోసి చూస్తే చిన్న చిన్న కట్టలు కనబడతాయి. ఒక్కొక్క కట్టలో వెంట్రుక సన్నానికి తీసిపోని పోగులు ఉంటాయి. వీటిని కండర తంతువులు అంటారు. ఒక్కొక్క తంతువూ ఒక జీవకణమే. మామూలు జీవకణం కంటికి కనబడనంత చిన్నది కాగా, కండర తంతువు మాత్రం కొన్ని సెంటీమీటర్ల పొడవు కూడా ఉండవచ్చు.

తంతువు లోపల ఇంకా సన్నని పోగులు వేలకొద్దీ ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే పొడవునా నల్లచార, తెల్లచార, మళ్లీ నల్లచార, మళ్లీ తెల్లచార కనబడతాయి. అందుకే వీటిని చారల కండరాలు అంటారు. ఈ చారలు ఎందుకున్నాయన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. కండరం పనిచేసే రహస్యం ఆ చారలలోనే దాగి ఉంది.

పత్తి తాడుకూ కండరానికీ ఒక పెద్ద తేడా ఉంది. తాడును ఎవరో ఒకరు లాగాలి. కండరం తనను తానే లాక్కుంటుంది. అది ఎలా?

పొట్టివి కాని దారాలు

కండరం పొట్టిదవుతుంది కాబట్టి, లోపలి దారాలు రబ్బరులాగా ముడుచుకుంటాయనో, స్ప్రింగులాగా చుట్టుకుంటాయనో చాలామంది అనుకునేవారు. 1954 మే నెలలో 'నేచర్' అనే పత్రికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వెలువడ్డాయి. ఒకటి ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కే రాసినది. రెండోది అమెరికాలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసినది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం ఏమీ లేదు. ఇరు జట్లూ విడివిడిగా పనిచేసి ఒకే సంగతి కనిపెట్టారు. దారాలు ముడుచుకోవడం లేదు. ఒకదాని సందులోకి ఒకటి జారుతున్నాయి!

రెండు దువ్వెనలను పళ్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానిలోకి ఒకటి దూర్చండి. దువ్వెనల పళ్లు పొట్టివి కావు. కాని రెండు దువ్వెనలూ కలిసి ఆక్రమించే చోటు తగ్గిపోతుంది. కండరంలోనూ ఇదే జరుగుతుంది. లావుదారాలు మయోసిన్ అనే మాంసకృత్తితో తయారైనవి. సన్నదారాలు ముఖ్యంగా ఆక్టిన్ అనే మాంసకృత్తితో తయారైనవి. లావుదారాలు ఉన్నచోట నల్లచార, సన్నదారాలు మాత్రమే ఉన్నచోట తెల్లచార. కండరం పొట్టిదయ్యేటప్పుడు నల్లచార వెడల్పు మారడం లేదు, తెల్లచార సన్నబడుతోంది. అంటే సన్నదారాలు లావుదారాల మధ్యకు జారిపోతున్నాయన్నమాట.

ఇలాంటి ఒక్కొక్క జత అమరికను ఒక గది అనుకుందాం. గది పొడవు మిల్లీమీటరులో వెయ్యోవంతుకు సుమారు రెండున్నర రెట్లు. పది సెంటీమీటర్ల తంతువులో ఇలాంటి గదులు వరసగా నలభైవేలు పడతాయి. ప్రతి గదీ తన పొడవులో పదోవంతు తగ్గిందనుకోండి. ఒక్క గది తగ్గింది కంటికి కనబడదు. నలభైవేల గదులూ కలిస్తే తంతువు ఒక సెంటీమీటరు పొట్టిదవుతుంది. చిన్న చిన్న లాగుళ్లు చేరి పెద్ద కదలిక కావడం అంటే ఇదే.

నూతిలో నీళ్లు తోడే చేతులు

సన్నదారాన్ని లావుదారం మధ్యకు లాగేది ఎవరు? లావుదారం నుంచి పక్కలకు చిన్న చిన్న తలలు పొడుచుకుని వచ్చి ఉంటాయి. ఒక్కొక్క లావుదారానికి ఇవి సుమారు మూడువందలు. ఈ తలలే లాగే చేతులు.

నూతిలోంచి నీళ్లు తోడేటప్పుడు ఏంచేస్తాం? చేంతాటిని పట్టుకుంటాం. లాగుతాం. ఆ చేతిని వదిలి, ఇంకాస్త ముందుకు చాచి, మళ్లీ పట్టుకుంటాం. మళ్లీ లాగుతాం. ఒక చేయి వదిలినప్పుడు రెండో చేయి పట్టుకుని ఉంటుంది కాబట్టి చేద నూతిలోకి జారిపోదు. మయోసిన్ తలలు సరిగ్గా ఇదే చేస్తాయి. ఆక్టిన్ దారాన్ని పట్టుకోవడం, వంగి లాగడం, వదలడం, మళ్లీ చాచుకుని పట్టుకోవడం. కొన్ని తలలు వదిలినప్పుడు మరికొన్ని పట్టుకునే ఉంటాయి. ఒక్క లాగుతో దారం జరిగే దూరం ఎంతనుకున్నారు? ఒక మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి మించదు. కాని కోట్లకొద్దీ తలలు పనిలో ఉంటాయి. అందుకే టిక్కీ నేల వదిలి పైకి లేస్తుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. చేంతాటిని పట్టుకుని లాగడానికే బలం కావాలని మనం అనుకుంటాం. వదలడానికి బలం ఎందుకు? కాని మయోసిన్ తలకు, పట్టుకున్న దారాన్ని వదలాలంటే ఏ.టి.పి. అనే ఒక పదార్థం వచ్చి దానికి తగలాలి. అది తగిలితేనే పట్టు వీడుతుంది. ఆ తర్వాత ఏ.టి.పి. విడిపోతుంది, అందులోని శక్తితో తల మళ్లీ చాచుకుని తరువాతి లాగుకు సిద్ధమవుతుంది. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలాగా బిగుసుకుపోవడానికి కారణం ఇదే. కండరాలలో ఏ.టి.పి. అయిపోతుంది. తలలు పట్టిన పట్టు వదలలేవు.

మెదడు పంపే కబురు

మరి కండరం ఎప్పుడు లాగాలో, ఎంత లాగాలో ఎవరు చెబుతారు? మెదడు నుంచి వెన్నుపాము ద్వారా, అక్కడినుంచి నాడి ద్వారా కండరానికి కబురు వస్తుంది. నాడి కొసన ఒక రసాయనం విడుదలై తంతువు పైపొరను కదిలిస్తుంది. ఆ వెంటనే తంతువు లోపల సంచులలో దాచి ఉన్న కాల్షియం బయటకు పొంగుతుంది. ఎముకలలో ఉండే కాల్షియమే!

కబురు రాకముందు, ఆక్టిన్ దారం మీద తలలు పట్టుకోవలసిన చోట్లు కప్పబడి ఉంటాయి. కాల్షియం వచ్చి గొళ్లెం తీసినట్టు ఆ కప్పును పక్కకు జరుపుతుంది. అంతే, తలలు పట్టుకుని లాగుతాయి. కబురు ఆగగానే కాల్షియం తిరిగి సంచులలోకి పోతుంది. గొళ్లెం పడుతుంది. కండరం వదులవుతుంది. కాల్షియం చేసే ఈ పనిని 1960లలో జపానుకు చెందిన సెత్సురో ఎబాషి విశదపరిచాడు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. దూదికి తక్కువ బలం, టిక్కీకి ఎక్కువ బలం ఎలా వస్తుంది? ఒక నాడీకణం ఒక్క తంతువుకే కబురు చెప్పదు, కొన్నింటికి కలిపి చెబుతుంది. కనుగుడ్డును తిప్పే కండరంలో ఒక నాడీకణం కింద పది, పదిహేను తంతువులు ఉంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉండవచ్చు. సుతారమైన పనికి మెదడు కొద్దిపాటి నాడీకణాలను మాత్రమే కదిలిస్తుంది. బరువైన పనికి ఇంకా ఇంకా కణాలను పిలుస్తుంది, కబుర్లను వెంటవెంటనే పంపుతుంది. రథం చిన్నదైతే పదిమంది లాగుతారు, పెద్దదైతే ఊరంతా చేయి వేస్తుంది. అదే కథ.

నీలిరంగు ఆలస్యంగా వచ్చింది!

ఇక ఇంధనం సంగతి. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతిని కండరాల మీద పరిశోధన చేసిన ఇద్దరికి ఇచ్చారు. ఒకరు ఇంగ్లండుకు చెందిన ఆర్చిబాల్డ్ హిల్, రెండోవారు జర్మనీకి చెందిన ఆటో మేయర్‌హాఫ్. కండలోని చక్కెర సరుకు లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండరాన్ని కదిలిస్తుందని ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు.

సరిగ్గా ఆ ఏడే ఒక తెలుగు యువకుడు అమెరికాలోని బాస్టన్ నగరంలో దిగాడు. ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు. చేతిలో డబ్బు లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేస్తూ హార్వర్డులో చదువుకున్నాడు. తరువాత అక్కడి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనలో చేరాడు.

వారిద్దరూ కలిసి రక్తం, కండ వంటి వాటిలో ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని తయారుచేసి 1925లో ప్రకటించారు. ఇందులో భాస్వరం ఉంటే ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. ఎంత చిక్కని నీలమైతే అంత భాస్వరం. ఈనాటికీ విద్యార్థులు దీనిని 'ఫిస్కే–సుబ్బారావు పద్ధతి' అనే నేర్చుకుంటారు.

ఈ పద్ధతితో కండరసాన్ని పరీక్షిస్తుంటే ఒక చిత్రం కనబడింది. నీలిరంగు రావలసినంత త్వరగా రావడం లేదు. మెల్లమెల్లగా చిక్కబడుతోంది. మరొకరైతే, కాసేపు ఆగి కొలుచుకుని పక్కన పెట్టేవారేమో! వీరు అలా వదల్లేదు. రంగు ఆలస్యంగా వస్తున్నదంటే, భాస్వరంలో కొంత భాగం దేనికో అంటుకుని ఉంది, అది నెమ్మదిగా విడిపోతోంది అని ఊహించారు. వెతికారు. దొరికింది. క్రియాటిన్ అనే పదార్థానికి భాస్వరం అంటుకుని ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి ప్రకటించారు. కండరానికి పని చెబితే ఈ పదార్థం తగ్గుతుందని, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుందని కూడా చూపించారు. అదే రోజుల్లో ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులు కూడా కండలో ఇలాంటి భాస్వర పదార్థాన్ని గుర్తించారు.

రెండేళ్లు తిరగకుండానే, 1929లో, ఫిస్కే, సుబ్బారావులు కండలోనే ఇంకొక భాస్వర పదార్థాన్ని పట్టుకున్నారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ సంవత్సరమే దీనిని విడిగా కనిపెట్టాడు. మరుసటి ఏడు డెన్మార్కులో లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా అడ్డుకున్నా కండరం కొంతసేపు పనిచేస్తుందనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందనీ చూపించాడు. నోబెల్ బహుమతి అందుకున్న సిద్ధాంతం కూడా ప్రయోగం ముందు తలవంచవలసి వచ్చింది! 1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్, లుబిమోవా దంపతులు మయోసిన్ స్వయంగా ఏ.టి.పి.ని విడగొడుతుందని తేల్చారు. తరువాత హంగరీలో సెంట్ గ్యోర్గీ బృందం ఆక్టిన్, మయోసిన్‌లతో దారాలు చేసి వాటి మీద ఏ.టి.పి. వేస్తే, సీసాలోనే ఆ దారాలు పొట్టివయ్యాయి.

ఏ.టి.పి. కండరానికే కాదు, బాక్టీరియా నుంచి మర్రిచెట్టు దాకా ప్రాణమున్న ప్రతి కణానికీ శక్తినిచ్చే నాణెం అని తరువాత తెలిసింది. ఇంత పని చేసినా సుబ్బారావుకు హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల సంస్థలో చేరాడు. అక్కడ ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటి మందుల పరిశోధనలకు నాయకత్వం వహించాడు. 1948లో కన్నుమూశాడు. దారాలు జారుతున్నాయని తెలిపిన 1954 నాటి వ్యాసాలను ఆయన చూడలేదు. ఆ రెండింటిలో ఒకటి, ఆయన పనిచేసిన బాస్టన్‌కు ఏటి అవతలి ఒడ్డున ఉన్న పరిశోధనశాల నుంచే వచ్చింది. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్లను విడుదల చేసింది.

చేతిలో చిల్లర, కోల్డ్ స్టోరేజిలో మిర్చి

కండరంలో ఏ.టి.పి. నిల్వ చాలా తక్కువ. శక్తినంతా కూడదీసుకుని పరుగెత్తితే రెండు మూడు సెకన్లకు సరిపోయేంతే. అది చేతిలోని చిల్లర వంటిది. చిల్లర అయిపోగానే జేబులోని నోటు మార్చుకుంటాం. ఆ నోటే ఫాస్ఫోక్రియాటిన్. అది తన భాస్వరాన్ని ఇచ్చి ఏ.టి.పి.ని మళ్లీ తయారుచేస్తుంది. దీనితో ఇంకో ఎనిమిది, పది సెకన్లు గడుస్తాయి. హమాలీ టిక్కీని ఒక్క ఊపున ఎత్తేది ఈ డబ్బుతోనే.

ఆ తరువాత? కోల్డ్ స్టోరేజిలో మిర్చి ఉన్న రైతు దానిని అమ్మి డబ్బు తెచ్చుకున్నట్టు, కండరం తనలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని విడగొడుతుంది. ప్రాణవాయువు చాలనప్పుడు త్వరత్వరగా విడగొట్టి లాక్టిక్ ఆమ్లం రూపంలో మిగుల్చుతుంది. ప్రాణవాయువు బాగా అందుతుంటే చక్కెరను, కొవ్వును పూర్తిగా మండించి చాలా ఎక్కువ ఏ.టి.పి.ని పుట్టిస్తుంది. రోజంతా మిరపకాయలు కోసేవారి కండరాలకు ఇదే ఆధారం. ఇలా వాడిన ఏ.టి.పి.నే మళ్లీ మళ్లీ తయారుచేసుకుంటూ, ఒక్క రోజులో మన శరీరం దాదాపు తన బరువంత ఏ.టి.పి.ని ఖర్చుపెడుతుంది.

ఈ శక్తి అంతా పనిగా మారదు. పావువంతు పనిగా మారితే మిగిలింది వేడి అవుతుంది. పరుగెత్తితే చెమట పట్టడం, చలికి ఒళ్లు వణికి వేడెక్కడం అందుకే.

బరువైన పని చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణమని ఇప్పటికీ కొందరు అంటుంటారు. అది నిజం కాదు. ఆ ఆమ్లం పని ఆగిన గంట, రెండు గంటలలోనే మామూలు స్థితికి వచ్చేస్తుంది. అలవాటు లేని పనిలో తంతువుల లోపల కలిగే అతి చిన్న దెబ్బలే ఆ నొప్పికి కారణం. కండరం లాగుతూ ఉండగానే బరువు దానిని సాగదీసినప్పుడు ఈ దెబ్బలు ఎక్కువ. అందుకే కోటప్పకొండ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, దిగితే మర్నాడు తొడలు పీకుతాయి.

దగ్గరి బరువు, దూరపు బరువు

కండరం లాగే బలం దాని మందాన్ని బట్టి ఉంటుంది. అడ్డుకోతలో ఒక చదరపు సెంటీమీటరు కండ సుమారు రెండున్నర, మూడు కిలోల బరువును నిలపగలదు. సంక్రాంతికి బండలాగుడు పోటీలకు దిగే ఒంగోలు ఎద్దుల తొడలు అంత లావు ఎందుకో తెలిసిందా?

కాని చేతిలో ఐదు కిలోల బరువు ఉంటే కండరం ఐదు కిలోల బలంతో లాగితే చాలదు. ద్విశిరస్క కండరం ముంజేతిని పట్టుకున్న చోటు మోచేతి కీలుకు సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. అరచేయి 32 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఎనిమిది రెట్లు! కాబట్టి మోచేతిని మడిచే కండరాలు ఎనిమిది రెట్ల బలంతో, అంటే 40 కిలోలను లాగినట్టు లాగాలి. ఇది నష్టమేనా? కాదు. కండరం ఒక సెంటీమీటరు పొట్టిదైతే అరచేయి ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. బలం ఖర్చుపెట్టి వేగం కొనుక్కున్నామన్నమాట. బంతి విసరగలిగేది అందుకే.

ఈ లెక్క నడుము దగ్గర ప్రమాదంగా మారుతుంది. వెన్నెముకను వెనుకనుంచి లాగి నిలిపే కండరాలు కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. ఒకరు నడుం వంచి 40 కిలోల బస్తాను 45 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఎత్తారనుకోండి. తొమ్మిది రెట్లు. ఆ కండరాలు 360 కిలోలకు సమానంగా లాగాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. ఆ ఒత్తిడంతా వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల మీద పడుతుంది. అదే బస్తాను ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, మోకాళ్లు మడిచి, తొడ కండరాలతో లేస్తే ఒత్తిడి ఎంతో తగ్గుతుంది. మన ఆడవారు నీళ్లబిందెను తలమీదో, చంకనో పెట్టుకోవడంలోని తెలివి ఇదే. తలమీది బరువు వెన్నెముకకు నేరుగా పైన ఉంటుంది.

1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక సిఫారసు చేసింది. ఒక మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అందులో ఉంది. మన ఊళ్లలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు! మోసేవాడు బలశాలి కదా అని బస్తాను పెద్దది చేయడం సులువే. కాని కండరం వ్యాయామంతో మందమవుతుంది, వెన్నుపూసల మధ్య మెత్తలు అలా లావెక్కి బలపడవు. బస్తా కుట్టేవారికి ఈ లెక్క తెలిస్తే ఎందరి నడుములో బతుకుతాయి.

ఎర్ర కండ, తెల్ల కండ

నాటుకోడి తొడ మాంసం ఎర్రగాను, రొమ్ము మాంసం తెల్లగాను ఉంటుంది. కోడి రోజంతా తిరుగుతుంది. అలుపు లేకుండా నెమ్మదిగా పనిచేసే తంతువులు తొడలో ఎక్కువ. ప్రాణవాయువును దాచుకునే ఒక ఎర్రని పదార్థం వాటిలో ఉంటుంది. ఎప్పుడో ఒకసారి గోడ ఎక్కడానికి రెక్కలు టపటప కొడుతుంది. ఆ పనికి వేగంగా లాగి త్వరగా అలిసిపోయే తెల్లని తంతువులు చాలు. చాలా దూరం ఎగిరే పావురానికి రొమ్ము మాంసం కూడా ఎర్రగానే ఉంటుంది. మనలో ఈ రెండు రకాలూ ప్రతి కండరంలోనూ కలిసి ఉంటాయి.

సాధన చేస్తే తంతువుల సంఖ్య పెద్దగా పెరగదు. ఉన్న తంతువులలో ఆక్టిన్, మయోసిన్ దారాలు పెరిగి అవి లావవుతాయి. అంతకంటే ముందే, మొదటి కొద్ది వారాలలో, ఎక్కువ తంతువులను ఒకేసారి పిలవడం నాడీమండలం నేర్చుకుంటుంది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 110, 130 కిలోల బరువులెత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. అది కండలు ఒక్కటే గెలిచిన పతకం కాదు. ఏళ్ల తరబడి సాధనతో నాడీమండలం నేర్చుకున్న విద్య కూడా అందులో ఉంది.

మీరే చేసి చూడండి

ఒకటి: నీళ్లు నింపిన చెంబును ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎంతసేపు ఉండగలరో గడియారం చూసి రాసుకోండి. విశ్రాంతి తీసుకుని, అదే చెంబును చేయి చాచి పట్టుకోండి. తేడా ఎందుకు వచ్చిందో మీకిప్పుడు తెలుసు.

రెండు: ఒక చేతిని తలపైకి ఎత్తి, రెండో చేతిని కిందికి వేలాడదీసి, రెండు పిడికిళ్లనూ ఒకే వేగంతో మూస్తూ తెరుస్తూ ఉండండి. ఏది ముందు అలుస్తుంది? పైకెత్తిన చేతికి రక్తం తక్కువ అందుతుంది. రక్తంతోపాటు ప్రాణవాయువూ తక్కువే.

మూడు: గుమ్మంలో నిలబడి రెండు ముంజేతుల వెనుక వైపుతో ద్వారబంధాన్ని అటూ ఇటూ ఒక నిమిషం గట్టిగా నొక్కండి. తరువాత ఒక అడుగు ముందుకు వేసి చేతులను వదిలేయండి. అవి వాటంతట అవే పైకి లేస్తాయి! నాడీమండలం పంపుతున్న కబురు వెంటనే ఆగదు.

ఈ ప్రయోగాలు చేసేటప్పుడు అనుకున్నట్టు జరగనిది ఏదైనా కనబడితే, దానిని కొట్టివేయకుండా రాసి పెట్టుకోండి. ఎందుకలా జరిగిందని అడగండి. ఆలస్యంగా వచ్చిన ఒక నీలిరంగును వదిలిపెట్టకుండా వెంటాడినందువల్లనే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది.